మొహం చూపని పలక

మహదేవప్పకు మాట పోయిందంటే రాయచూరు గంజ్‌లో మొదట ఎవరూ నమ్మలేదు. పత్తి కుప్పల ముందు నిలబడి వేలం పాడే మనిషి ఆయన. తెలుగు రైతుతో తెలుగు, కన్నడ రైతుతో కన్నడ, కొనే సేట్లతో ఉర్దూ మాట్లాడుతూ ఒక్క ఊపిరిలో మూడు భాషలూ తిప్పి ధరను పైకి ఎక్కించేవాడు. గేటు బయట టీ తాగుతున్న హమాలీలకు కూడా ఆ రోజు పత్తి ఎంత పలికిందో ఆయన గొంతు వల్లే తెలిసేది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, నోరు మూడూ ఒక్కసారే పడిపోయి, ఆయన ఇంటి ముందు అరుగు మీద కుర్చీలో కూర్చుండిపోయాడు. చూడటానికి వచ్చినవాళ్ళకు ఏం మాట్లాడాలో తోచేది కాదు. అందుకని, పోయింది నోరు కాక చెవులైనట్టు, గట్టిగా అరిచి పలకరించి చక్కాపోయేవారు.

నిజానికి చెవులు బాగానే ఉన్నాయి. బుద్ధి అంతకన్నా బాగుంది. చెప్పాల్సిన మాట లోపల తయారుగానే ఉంటుంది, నోరే దాన్ని బయటికి పంపదు, అంది డాక్టరమ్మ. చేత్తో చెప్పే దారి ఏదన్నా అలవాటు చెయ్యమంది. "ఇప్పుడు గనక చెప్పడం మానేస్తే, కొన్నాళ్ళకు చెప్పాలన్న కోరికే పోతుంది. తర్వాత ఎవరు ఎంత చేసినా మనిషి బయటికి రాడు" అని కూడా అంది. ఆ రెండో మాట కూతురు ప్రజ్ఞకు నిద్రలో కూడా వినబడుతూ ఉండేది.

ప్రజ్ఞ వాళ్ళకు ఒక్కతే కూతురు. బెంగళూరులో ఉద్యోగం. ఏం ఉద్యోగమని చుట్టాలడిగితే 'కంప్యూటర్ పని' అని తప్పించుకునేది, ఎందుకంటే అసలు సంగతి చెప్పబోతే వాళ్ళు మధ్యలోనే కాఫీ అడిగేవారు. మనం వేలు పెడితే ఫోనుకు తెలుస్తుంది కదా, అది తెర గొప్పతనం కాదు. తెర మీద పరిచిన ఒక పల్చటి పొరది. ఆ పొర వేలిని పసిగట్టాలి, కంటికి మాత్రం చిక్కకూడదు. వెనకాల ఉన్న బొమ్మ తన రంగుతో తను కనబడాలి. ఉండీ లేనట్టుండే ఆ పొరను ఎలా అల్లాలో గీసివ్వడమే ప్రజ్ఞ పని. చేసిన పని ఎవరి కంటా పడకపోతేనే బాగా చేసినట్టు లెక్క. ఇలాంటి పనికి పొగడ్తలు దొరకవని ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది.

కంపెనీని ఒప్పించి, ఇంటి నుంచే పని చేస్తానని రాయచూరు వచ్చి మేడ మీద గదిలో కూర్చుంది. నాయిన మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాలి. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

బజార్లో దొరికే టాబ్ ఆయనకు పనికిరాలేదు. ఎడమచేతి వేలు వణుకుతుంది, గాజు మీద ఈడ్చుకుపోతుంది. వేలికన్నా ముందు అరచెయ్యి వచ్చి పడుతుంది. పాపం ఆ టాబ్ అవన్నీ హుకుంలే అనుకుని, ఒక బొమ్మ నొక్కబోతే ఇంకోటి తెరిచేది. అందుకని ప్రజ్ఞే పెద్ద తెర ఒకటి తెప్పించి, దాని మీదికి ఆయన చేతికి తగిన పొర గీసింది. అరచెయ్యి పడితే పట్టించుకోదు, వేలు వచ్చి కాస్త ఆగితేనే పలుకుతుంది. బెంగళూరు వర్క్‌షాపులో వాసు అనే కుర్రవాడు ఆ పొరను గాజు మీద వేసి బస్సులో పంపాడు. నీళ్ళు, టీ, ఫ్యాను, దుప్పటి, కాళ్ళ నొప్పి, ఇలా అన్నిటికీ బొమ్మలు పెట్టింది. బొమ్మ నొక్కితే మాట రావాలి. ఆ మాటలు అమ్మ రామాబాయి గొంతుతో రికార్డు చేసింది.

"ఇన్నేండ్లు నేను ఆయన మాట విన్న. ఇప్పుడు ఆయన నా నోటితోని మాట్లాడాలె" అని రామాబాయి నవ్వింది. నవ్వినంతసేపు నవ్వి, వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఆ వస్తువుకు 'పలక' అని పేరు పెట్టింది కూడా ఆమే.

పలకను మొదటిసారి నాయిన ఒళ్ళో పెట్టిన రోజు ప్రజ్ఞకు పెళ్ళిచూపులనాడు కూడా లేనంత గుబులు. మహదేవప్ప పలకలోకి వంగి చూశాడు. చూస్తూ చూస్తూనే ఆయన మొహం నల్లబడింది. ఎడమచేత్తో పలకను పట్టుకుని ఒళ్ళోనే బోర్లా తిప్పేశాడు.

తెలియక చేశాడనుకుని మళ్ళీ తిప్పి పెట్టింది. ఆయన మళ్ళీ బోర్లించాడు. మర్నాడు పెడితే పక్కకు నెట్టాడు. ఆ తర్వాత పలక చేతిలో పట్టుకుని కూతురు గడప దాటి వస్తుంటేనే కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టాడు.

ప్రజ్ఞ బొమ్మలు మార్చింది, రంగులు మార్చింది, అక్షరాలు పెద్దవి చేసింది. బతిమాలింది. ఒకరోజు ఒళ్ళు మండి, "ఏంది నాయినా, నీకు మాట్లాడాలని లేదా?" అని అడిగేసింది. ఆయన కళ్ళు తెరవలేదు. అడిగినందుకు తర్వాత తననే తను తిట్టుకుంది.

"వద్దంటుండు గదా, ఇడ్సిపెట్టు బిడ్డా" అంది రామాబాయి. "మీ నాయిన మనం చెప్పింది ఎన్నడన్న విన్నడా?"

"గిట్ల ఇడ్సిపెడితె ఆయన ఇంక లోపల్నే ఉండిపోతడమ్మా" అంది ప్రజ్ఞ. నన్ను వదిలెయ్యండి అని నాయిన చెప్తున్నాడని ఆమెకు అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది.

ఆదివారం క్షవరానికి వీరేశ్ వచ్చాడు. మహదేవప్పకు గడ్డం గీసేది ఎప్పుడూ అతనే, అదీ అరుగు మీదే. ప్రజ్ఞ మెట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. వీరేశ్ ఊళ్ళో సంగతులన్నీ కన్నడంలో సగం, తెలుగులో సగం చెబుతూ గడ్డం గీశాడు, మీసం కత్తిరించాడు, తువ్వాలుతో మొహం తుడిచి పౌడరద్దాడు. అంతా అయ్యాక అలవాటు కొద్దీ అతని చెయ్యి సంచీలోకి పోయింది. గడపలో నిలబడ్డ రామాబాయి తల అడ్డంగా ఊపింది. ఆ చెయ్యి ఉత్తదే బయటికి వచ్చింది.

క్షవరం అయ్యాక మంగలి ఏం తీస్తాడో ఎవరికి తెలియదు? ప్రజ్ఞ లేచి ఇంట్లోకి పోయింది. చేతులు కడిగే బేసిను పైన ఉత్త మేకు ఉంది. బీరువా తలుపు మీద దుప్పటి వేలాడుతోంది. నాయిన రోజూ ముందు నిలబడే చెక్క చట్రం అద్దం ఉన్న చోట గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది. ఇన్నాళ్ళుగా ఈ ఇంట్లోనే తిరుగుతూ ఆమె ఒక్కటీ గమనించలేదు. తల దువ్వుకోవాలంటే ఫోన్ ఎత్తి పట్టుకునే పిల్లకు ఇంట్లో అద్దాలు లేవన్న సంగతి ఎలా తడుతుంది?

"అద్దాలన్ని ఏమైనయమ్మా?"

"ట్రంకుల పెట్టిన."

"ఎందుకు?"

"ఎందుకేంది" అంది రామాబాయి, గొంతు తగ్గించి. "మూతి గట్ల పక్కకు పోయింది గదా. చూసుకుంటె ఏం గావాలె ఆ మనిషి? గంజ్‌కు పోయే ముందర మీసం దువ్వనీకె అర్ధగంట నిలవడెటోడు. దవాఖాన నుంచి తెచ్చే ముందరనే అన్ని తీసి పెట్టిన. వీరేశ్‌కు గూడ చెప్పిన. మూతి సక్కగైనంక మళ్ళ తీస్త."

ప్రజ్ఞ నాయినను లోపల పడుకోబెట్టాక పలక తీసుకుని అరుగు మీదికి వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. ఆయన పట్టుకున్నట్టే ఒళ్ళో పెట్టుకుని, ఆయన వంగినట్టే వంగి చూసింది. ఎండ వీధంతా పరుచుకుని ఉంది. పలకలో ఆకాశం కనబడింది, ఎదురింటి డిష్ కనబడింది, వాటి మధ్యలో తన మొహం స్పష్టంగా, కంటి కింది నలుపుతో సహా కనబడింది. నీళ్ళ గ్లాసు, టీ కప్పు, ఫ్యాను ఎక్కడో వెనకాల వెలిసిపోయిన గుడ్డ మీది అచ్చుల్లా ఉన్నాయి.

ఆమె పలకను పరీక్షించిందంతా మేడ మీద, తెరలు దించిన గదిలో. అక్కడ అది బంగారంలా పనిచేసింది. తొందర కొద్దీ పొర వేసిన గాజును తెర మీద అంచుల వెంట టేపుతో అంటించింది. గాజుకూ తెరకూ మధ్య సన్నటి గాలి సందు మిగిలింది. బయటి వెలుతురు గాజు పైన ఒకసారి, అడుగున ఒకసారి, తెర మీద ఇంకోసారి తగిలి వెనక్కి తిరిగి వస్తుంది. పొరకు పూసిన పూత కూడా మెరిసే రకం. ఇవన్నీ ఆమెకు తెలియని సంగతులు కావు. ఇంకెవరన్నా చేస్తే చీవాట్లు పెట్టేదే.

ఇంట్లో అద్దాలన్నీ అమ్మ దాచిపెడితే, మంగలి కూడా సంచీలోంచి తియ్యకపోతే, ఆయన వంకర మూతిని ఆయనకు మొట్టమొదట చూపించింది కన్నకూతురు. అదీ మాట్లాడమని, నవ్వుతూ, ఒళ్ళో పెట్టి. ప్రజ్ఞ కుర్చీలోనే మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో సంగతి తట్టి తలెత్తింది. నాయిన మాటను వద్దనలేదు. తన మొహాన్ని బోర్లించుకున్నాడు, అంతే. ఆయన ఇంకా లోపల్నుంచి తలుపు వేసుకోలేదు.

ఆ రోజు నుంచీ పొర మీద పొర గీసింది. గాలి సందు లేకుండా గాజుకూ తెరకూ మధ్య నీళ్ళంత తేటగా ఉండే జిగురు పొర నింపాలి. మెరిసే పూతకు బదులు వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగల వల వెయ్యాలి. ఆ తీగలు తళుక్కుమనకుండా పైన నలుపెక్కించాలి. అన్నిటికీ పైన కళ్ళద్దాలకు వేస్తారే, ఎదుటి వెలుతురును తిరగనీయని పూత, అది ఉండాలి. చెప్పినంత సులువు కాదు. తీగ లావైతే కంటికి కనబడుతుంది, సన్నమైతే వణికే వేలిని పట్టుకోలేదు. ఆమెకు తల ప్రాణం తోకకు వచ్చింది.

"ఇంత సన్నం వేస్తే గీసేటప్పుడే తెగిపోతాయి అక్కా" అన్నాడు వాసు ఫోనులో. "అరుగు మీద ఎండలో వాడేది, అరచెయ్యి పడినా ఊరుకునేది. ఇలాంటివి అడిగే కస్టమర్ ఎవరు?"

"మా నాన్న" అంది ప్రజ్ఞ.

"తెగకుండా చూస్తాలే అక్కా. రెండు చేసి పంపిస్తా, ఒకటి పోయినా ఒకటి ఉంటుంది" అన్నాడు.

వల గళ్ళు తెరలోని చుక్కల వరసలతో వరసగా కుదిరితే బొమ్మ మీద చారలు పుడతాయి, కాబట్టి వలను ఏటవాలుగా తిప్పాలి. ఎంత తిప్పాలో చూడటానికి ప్రజ్ఞ జిరాక్సు షాపులో ప్లాస్టిక్ కాయితాల మీద ఆ గళ్ళు అచ్చు వేయించుకొచ్చి, అరుగు మీదే కూర్చుని, వెలుగుతున్న తెర మీద ఒక్కో కాయితం పెట్టి మెల్లగా తిప్పేది. చారలు లావుగా కదిలేవి, విడిపోయేవి, ఒక చోటికి రాగానే మాయమయ్యేవి. తెర తన వైపుకే తిప్పుకుని, నాయినకు దాని వెనక వైపే కనబడేటట్టు జాగ్రత్తగా పెట్టుకునేది. కుర్చీలో మహదేవప్ప కళ్ళు మూసుకోలేదు. కూతురు కాయితాన్ని ఎండకేసి ఎత్తితే ఆయన చూపు కూడా కాయితంతో పాటు ఎగిరేది. ఆ చూపు చూసినప్పుడల్లా ఆమెకు చేతుల్లో బలం వచ్చేది.

వాసు పంపిన రెండు గాజులూ వచ్చాక ఇంకో చిక్కు. జిగురు పొర వేసేటప్పుడు దుమ్ము రేణువు పడిందా, అది జీవితాంతం అక్కడే ఉంటుంది. రాయచూరు ఎండాకాలంలో దుమ్ము లేని చోటు ఎక్కడుంది? ప్రజ్ఞ స్నానం చేసే బచ్చలి గదిలో మరిగిన నీళ్ళు కుమ్మరించి, ఆవిరికి దుమ్ము కిందికి దిగేదాకా తలుపు మూసి, ఆ తర్వాత తెరను లోపలికి తీసుకుపోయి పీట మీద పెట్టుకుని అంటించింది.

"బచ్చల్ల కూసొని చేసే ఇంజినీరు పని నేనెన్నడు చూడలె" అంది రామాబాయి తలుపు బయట నిలబడి. "స్నానం చేసెటోళ్ళు ఏడికి పోవాలె?"

మొదటి గాజు కింద సరిగ్గా నీళ్ళ గ్లాసు బొమ్మ మీదే బుడగ ఒకటి కూర్చుంది. ఎంత ఒత్తినా పోలేదు. ఆ గాజు పాడైపోయింది. రెండోది చంటిపిల్లను పడుకోబెట్టినట్టు ఒక అంచు నుంచి మెల్లమెల్లగా ఆనించింది. ఈసారి బుడగ లేదు.

బొమ్మలు మళ్ళీ సర్దుతున్నప్పుడు తల్లీకూతుళ్ళకు పోట్లాట వచ్చింది. ప్రజ్ఞ కొత్తగా అద్దం బొమ్మ పెట్టింది.

"అదొద్దు" అంది రామాబాయి.

"ఎందుకొద్దు?"

"తెలిసి తెలిసి అడుగుతవేందే? ఇన్ని రోజులు నేను పడ్డ పరేషాన్ అంత ఏమైతది?"

"ఆయన అడగాలనుకున్నది అడగనీకె లేకుంటె అది మాట ఎట్లైతదమ్మా? మనం చెప్పుమన్నది చెప్పే పలక అయితది." ప్రజ్ఞ అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒక్కమాట. అద్దం అను. రికార్డు చేసుకుంట."

"నా నోటితోని అనను" అని రామాబాయి చెయ్యి విడిపించుకుని లేచిపోయింది. ఆ ఒక్క మాట ప్రజ్ఞ తన గొంతుతోనే చెప్పి పెట్టింది.

మర్నాడు పొద్దున ఎండ అరుగెక్కాక, ప్రజ్ఞ పలకను తెచ్చి నాయిన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "నాయినా, ఒక్కపారి చూడు" అంది. "ఈసారి దాంట్ల నువ్వు కనవడవు. నాకు తెల్వక చేసిన."

తండ్రికి క్షమాపణ ఎలా చెప్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. మహదేవప్ప చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. పలకను ఒళ్ళో పెట్టింది. ఆయన ఎడమచెయ్యి దాన్ని బోర్లించడానికి అంచు దాకా పోయి ఆగింది. గ్లాసులో నీళ్ళు నీలంగా ఉన్నాయి. టీ టీ రంగులో ఉంది. అంత ఎండలోనూ ఏ బొమ్మకా బొమ్మ విడిగా ఉంది. ఆయన పలకను కొంచెం ఇటు వంచాడు, అటు వంచాడు. తన మొహం కోసం వెతుకుతున్నాడని ప్రజ్ఞకు తెలిసింది. ఎటు వంచినా అది దొరకలేదు. ఆయన తలెత్తి కూతురి వంక చూశాడు. ఆ చూపులో పాత నాయిన ఉన్నాడు.

చెయ్యి వచ్చింది. ముందు అరచెయ్యి గాజు మీద పడింది, పలక ఊరుకుంది. వణికే వేలు నీళ్ళ మీదుగా పోయింది, టీ మీదుగా పోయింది, ఫ్యాను దాటింది. చివరి వరసలో ఒక బొమ్మ మీద ఆగింది.

"అద్దం" అంది పలక, ప్రజ్ఞ గొంతుతో.

గడపలో రామాబాయి చేటతో అలాగే నిలబడిపోయింది. "చూసినవా? నేనొద్దన్న గదా" అంది. కూతుర్ని అన్నదో, తనను తనే అనుకున్నదో.

వేలు లేచి మళ్ళీ అక్కడే ఆగింది. "అద్దం."

ప్రజ్ఞ అమ్మ వైపు చూసింది. రామాబాయి చేట కింద పెట్టి లోపలికి పోయింది. ట్రంకు మూత లేచిన చప్పుడు వినబడింది. పాత చీరలో చుట్టిన చేతి అద్దం తెచ్చి, భర్త ముందు కూర్చుని, చీర విప్పి, ఆయన మొహానికెదురుగా పట్టుకుంది. తను మాత్రం తల దించుకుంది. ప్రజ్ఞ కూడా చూడలేక వీధి వైపు తిరిగింది.

మహదేవప్ప అద్దంలోకి చూశాడు. పక్కకు జారిన మూతిని చూశాడు, దాని మీద ఒక పక్క ఎక్కువగా కత్తిరించిన మీసాన్ని చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. ఎడమచేత్తో అద్దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. దాన్ని మెల్లగా తిప్పి రామాబాయికెదురుగా పట్టుకున్నాడు.

"ఏంది, నాకెందుకు చూపిస్తవు" అంది రామాబాయి.

అద్దం వణుకుతోంది, అయినా ఆయన దించలేదు. రామాబాయి చూసింది. ఆమె మొహం ఆమెకు కనబడింది. నుదుటి మీద స్టిక్కర్ బొట్టు మధ్యలో లేదు. ఎడమ కనుబొమ్మ పైకి, బాగా పక్కకు పోయి ఉంది. ఇంట్లో ఒక్క అద్దమూ లేకుండా చేసుకున్న మనిషి ఇన్ని నెలలుగా వేలి అంచనాతోనే బొట్టు పెట్టుకుంటోంది. రోజూ చూస్తున్న ప్రజ్ఞకు అది కంటపడనే లేదు. ఆయనకు పడింది. రోజూ పొద్దున ఎదురుగా వచ్చి టీ పట్టించే మొహం మీద ఆ బొట్టు అలా ఉండటం ఆయన చూస్తూనే ఉన్నాడు, చెప్పడానికి నోరు లేదు.

రామాబాయి చెయ్యి నుదుటి మీదికి పోబోయింది. మహదేవప్ప అద్దం ఒళ్ళో పెట్టుకుని ఆ చేతిని పక్కకు తీశాడు. ఎడమచేతి గోటితో బొట్టు అంచు లేపాడు. లేవడానికే కాసేపు పట్టింది. మధ్యలో పెట్టబోతే ఒకసారి ఇటు పోయింది, ఇంకోసారి కిందికి దిగింది. రామాబాయి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అయినా ఆమె తల కదిలించకుండా, నుదురు ఆయన వైపుకు వంచి కూర్చుంది.